మిరుగు దాకా

సంక్రాంతి దాటితే మా లింగాలలో బడి పలచబడేది. ఆముదాలు, జొన్నలు ఇల్లు చేరాక, మళ్లీ మిరుగు కార్తెలో వాన పడి దుక్కి దున్నేదాకా ఎర్రచెలకల్లో చేసే పనేమీ ఉండేది కాదు. ముందే అడ్వాన్సు పంచిపోయిన గుంపు మేస్త్రి ఆ రోజుల్లో లారీ తెచ్చేవాడు. పారలు, గడ్డపారలు, గంపలు, జొన్నల మూటలు, వాటి నడుమ చంటిపిల్లలు. అమ్మానాయినలతో పాటు నా దోస్తులూ ఎక్కేవాళ్లు. "ఏడికి పోతున్నరు?" అంటే "డ్యాం పనికి" అనేవాళ్లు. ఏ డ్యామో, ఏ రాష్ట్రమో మేస్త్రికే తెలుసు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ కావాలనేవాళ్లు.

మా పెదనాయినకు ముగ్గురు కొడుకులు, ఒకటే చేను. కలుపుకు, కోతకు అందరూ పోయేవాళ్లు, పొద్దంతా చెమటోడ్చేవాళ్లు. ఒక ఏడు పెద్దన్నలిద్దరూ గుంపుతో పోయి మిరుగుకు రాలేదు. పెదనాయిన, చిన్నన్న ఇద్దరే సేద్యం చేశారు. ఆముదాలు ఎప్పటిలాగే పండాయి. నాకది వింతగా తోచింది. తర్వాత ఇంటర్లో అర్థశాస్త్రం సారు ప్రచ్ఛన్న నిరుద్యోగిత గురించి చెబుతుంటే ఆ చేనే కళ్లముందు మెదిలింది. సంక్రాంతి నుంచి మిరుగు దాకా మేం చూసినది రుతుసంబంధ నిరుద్యోగిత అనీ అప్పుడే తెలిసింది. వ్యాపారాలు పడిపోతే ఊడే ఉద్యోగాలు, ఒక కొలువు వదిలి మరొకటి వెతుక్కునే నడుమ ఖాళీ, ఇవి కూడా చెప్పారు. వాటికి ముందు కొలువంటూ ఉండాలి.

మా ఊళ్లో నిరుద్యోగి అంటే డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఉన్నవాడు. లారీ ఎక్కినవాళ్లను ఎవరూ అలా అనలేదు. ఊరికే కూర్చుంటే వాళ్ల పొయ్యి వెలగదు, ఎంత కూలికైనా పోవలసిందే. మన దేశంలో నిరుద్యోగాన్ని ఒకే అంకెలో చెప్పలేమని 1970లో దంత్వాలా కమిటీ అన్నది ఇలాంటి బతుకుల వల్లే.

చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర. వీలైనవాళ్లు దానికి తిరిగొచ్చేవాళ్లు. ఒకసారి లోయలోకి దిగే బండల దారిలో నా పక్క బెంచీ దోస్తు కనిపించాడు. ఎత్తు పెరిగాడు, అరచేతులు కాయలు కాశాయి. బడికి ఎప్పుడొస్తావని అడిగాను. అడ్వాన్సు ఇంకా తీరలేదని వాళ్ల అమ్మ చెప్పింది. పిల్లవాడి చదువు మేస్త్రి అప్పుకింద పోవడం నేను ఇప్పటికీ క్షమించలేను.

తర్వాత జేసీబీలు వచ్చాయి. ఎక్కడెక్కడో కాలువలు తవ్వొచ్చిన మనుషుల జిల్లాలోనే, కృష్ణ నీళ్లు తెచ్చే కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలను యంత్రాలు తవ్వాయి. గడ్డపార పనితనానికి గిరాకీ పోయింది. వాన పడితే తీరే కష్టం కాదిది, నిర్మాణాత్మక నిరుద్యోగిత. గుంపుల్లో తిరిగినవాళ్ల కొడుకులు హైదరాబాదు అడ్డాల మీద నిలబడ్డారు.

2006లో ఉపాధి హామీ మొదలైన తొలి జిల్లాల్లో మా పాత మహబూబ్‌నగర్ ఒకటి. మేస్త్రి లేడు, కాంట్రాక్టరు లేడు, అప్పట్లో ఇంటికి ఏడాదికి 100 రోజులు, అదే మట్టిపని. చిన్నన్న జాబ్ కార్డు తెచ్చి చూపించాడు. "ఊళ్లనే కూలి దొరుకుడు మంచిదే తమ్మీ," అన్నాడు. "నూరు దినాలు ఒడిసినంక ఏం జెయ్యాలె?"