పలుచేతుల పద్దు

మన పెద్దలు పద్దుపుస్తకమును లక్ష్మీస్వరూపముగా భావించి కన్నుల కద్దుకొనెడివారు. ఆ పుస్తకము నేడు కంప్యూటరులో ఎక్సెల్ ఫైలుగా మారినది. రూపము మారినను పూచీ మారలేదని నేను సిగ్గుపడి తెలిసికొంటిని.

మిర్యాలగూడలో నొక ధాన్యపు వ్యాపారి కార్యాలయమున నేను లెక్కలు వ్రాయుచున్నాను. సూర్యాపేటలోను కోదాడలోను వారికి శాఖలు గలవు. మూడు చోట్లనుండియు మేము ఒక్క ఫైలులోనే రైతుల పేర్లు, బస్తాలు, తూకము, చెల్లింపవలసిన సొమ్ము వ్రాసెదము. సాగరు ఎడమ కాలువ క్రింద వరికోతలు సాగు దినములలో ఊపిరి సలుపదు.

అట్టి యొక సాయంకాలము కరెంటు పోయి వచ్చిన పిమ్మట ఫైలు తెరువబోగా, అది చెడిపోయినదని తెరపై వ్రాత కనబడెను. మరునాటి యుదయమున రైతులకు సొమ్ము చెల్లింపవలెను. నా గుండె జల్లుమన్నది. కోదాడలో క్రొత్తగా చేరిన పిల్లపై నా యనుమానము పోయెను. ఫోనులో "ఇది నీ నిర్వాకమే" యని కఠినముగా బలికితిని. "నేనేమియు చేయలేదక్కా" యని మాత్ర మామె యనెను.

రాత్రి కంప్యూటరు బాగుచేయు కుర్రవాడు వచ్చి చూచెను. కడసారి ఫైలు వ్రాయబడినది నా కంప్యూటరునుండియే! కరెంటు పోవునప్పటికి నేను భద్రపరచు మీట నొక్కుచుంటిని. పాతబడిన బ్యాటరీ నిలువలేదు. అతడు వివరించిన దిది: 2007 నుండి వచ్చిన యీ రకపు ఫైలు నిజమునకు ఒక మూట. లోపల చిన్న ఫైళ్లనేకము లుండును. వాని సూచిక చివర నుండును. వ్రాత నడుమ నాగి సూచిక లేకపోయినచో, లోపలి సరుకు బాగున్నను మూట విడదు.

ఇంటర్నెట్టు నిల్వలో మధ్యాహ్నపు ప్రతి దొరకెను. తరువాతి పద్దులను మా చీటీలనుండియు, సూర్యాపేటవారి చీటీలనుండియు ఎక్కించితిమి. కోదాడ పద్దులే యెక్కువ. ఆ పిల్ల ప్రతి తూకమును చిన్న నోటుపుస్తకములో వ్రాసికొనుచుండెనట! అర్ధరాత్రి దాటువరకు ఫోనులో చదివి వినిపించెను. చివరకు "తప్పు నాదమ్మా, క్షమింపుము" అంటిని. "పోనిండక్కా, రేపు రైతులకు సొమ్ము అందును గదా" యనెను.

సాధనము చేయు లోపమునకు మనుష్యుని నిందించుట సులభము. 2020లో ఇంగ్లండులో 15,841 కరోనా కేసులు సకాలమున లెక్కలోనికి రాలేదు. వానిని ఎవ్వరును దాచలేదు. పాత రకపు ఎక్సెల్ పత్రమున 65,536 వరుసలకు మించి పట్టవు, అంతియే.

సోదరీమణులారా! పొదుపు సంఘముల లెక్కలు వ్రాయువారు మీలో ననేకులు గలరు. ఎవరి పద్దు వారు వేరు పత్రమున వ్రాసికొనుడు. ప్రతి సాయంకాలము తేదీ వేసి నకలు వేరొక చోట నుంచుడు. భద్రపడుట పూర్తియగువరకు ఓపిక పట్టుడు. ఫైలు చెడినచో నకలు మనలను గాపాడును. తొందరపడి యన్న మాటకు మాత్రము నకలు లేదు, దిద్దుబాటును లేదు.