సిగ్గు దాచిన గడ్డ

నలుగురు స్త్రీలు కూడినచోట వంటలు, నగలు, పిల్లల చదువులు, అల్లుండ్ర ఉద్యోగములు అన్నియు ప్రసంగమునకు వచ్చును. నేడు మేము వ్రాయబూనిన విషయము మాత్రము రాదు. ఒకవేళ వచ్చినను గొంతు తగ్గించి “పాపము, ఆమెకు ఆ జబ్బట” యని యూరకుందురు. ఆ జబ్బు రొమ్ముక్యాన్సరు.

మేము బాల్యమున తండ్రిగారికడ ప్రబంధములు చదివితిమి. మన కవులు స్త్రీల స్తనములను బంగరుకుండలతోను, జక్కవలతోను, కొండలతోను పోల్చి వర్ణించినారు. ఆ పద్యములను అప్పజెప్పుటకు మాకు సిగ్గు కలుగలేదు. వినినవారు విద్య యని మెచ్చుకొనిరి. కాని మూడేండ్ల క్రిందట మా పెద్దవదినగారికి స్నానము చేయుచుండగా ఎడమరొమ్మున ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలినప్పుడు, ఆ సంగతి చెప్పుటకు ఆమెకు ఒక్కమాట దొరకలేదు.

తొమ్మిదినెలలు దాచిరి. నొప్పిలేదు గనుక భయము లేదనుకొనిరి. బిడ్డలకు పాలిచ్చిననాటి పాలగడ్డ యనుకొనిరి. ఇంట నిట్టి జబ్బున్నదని తెలిసిన కూతురి సంబంధము తప్పిపోవునని వెఱచి, పెండ్లి కానిమ్మనుకొనిరి. పెండ్లియైన మూడవనాడు జ్వరముతో పరుండిన ఆమెకు రవిక మార్చుచు మేము చూచితిమి. చర్మము నారింజతొక్కవలె గుంటలుపడి, చనుమొన లోనికి పోయియున్నది. “ఏల చెప్పలేదు వదినగారూ?” యని యడిగితిమి. “ఎవరితో చెప్పను తల్లీ? ఏమని చెప్పను?” అనిరి.

వైద్యము జరిగినది. పదునాలుగు నెలలు జీవించిరి. ఆ తొమ్మిదినెలలును మేమా యింటనే యుంటిమి. అటుకమీది పాత్ర నందుకొనుటకు ఆమె ఎడమచేయి యెత్తలేకపోవుట చూచియు నేమియు నడుగమైతిమి. ఆ సిగ్గు ఆమె యొక్కరిదే కాదు, మాది కూడ. ఆ దోషమునకు ప్రాయశ్చిత్తముగనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రొమ్ముననో చంకలోనో క్రొత్తగా గడ్డ తగులుట, చర్మము సొట్టపడుట, చనుమొన లోనికి లాగుకొనుట, దానినుండి రక్తము స్రవించుట, మానని పుండు పడుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను వైద్యునికడ కేగవలయును. ఈ గడ్డ మొదట తరచుగా నొప్పి పెట్టదు. కావున నొప్పిలేకుండుట ధైర్యమునకు హేతువు కారాదు. అయినను తగిలిన గడ్డలలో ననేకములు క్యాన్సరు కావు. ఏది యేదో పరీక్షవలననే తెలియును. సూది గ్రుచ్చి పరీక్షించిన వ్యాధి ప్రాకుననుట అపోహ. ఇది అంటువ్యాధియు గాదు. ముందుగా కనుగొన్నచో రొమ్మునంతయు తీసివేయక గడ్డనుమాత్రమే తొలగించుటకు తరచుగా వీలగును.

బొంబాయిలో 1998లో నొక గొప్ప పరిశోధన మొదలైనది. 35 మొదలు 64 ఏండ్లవరకు గల స్త్రీలు సుమారు లక్షన్నరమంది దానిలో చేరిరి. వారిలో సగముమందికి శిక్షణపొందిన ఆరోగ్యకార్యకర్తలు రెండేండ్లకొకసారి చొప్పున నాలుగుమారులు చేతితో పరీక్షచేసిరి. ఇరువదియేండ్ల ఫలితము 2021లో ప్రకటితమైనది. పరీక్ష జరిగినవారిలో వ్యాధి ముందుదశలోనే బయటపడినది. ఏబదియేండ్లు దాటినవారిలో ఈ వ్యాధిచే కలుగు మరణములు దాదాపు 30 శాతము తగ్గినవి. పెద్దయంత్రములు లేని యూరియందును శిక్షణగల చేయి ప్రాణము నిలుపగలదని దీనివలన తెలియుచున్నది.

డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు తమ చెల్లెలిని క్యాన్సరువలన పోగొట్టుకొని, ఆ దుఃఖమును మరువక, 1954లో మద్రాసు అడయారున క్యాన్సరు వైద్యాలయమును నెలకొల్పిరి. మనకంతటి శక్తి లేకపోవచ్చును. పేరంటము పిలుచు శక్తి కలదుగదా!

గడచిన శ్రావణమాసమున మేమదియే చేసితిమి. ఆరోగ్యకేంద్రపు నర్సమ్మగారిని రప్పించితిమి. కోడండ్రతోపాటు అత్తగార్లను గూడ పిలిచితిమి, ఆసుపత్రికి పోవుటకు అనుమతి వారిదే గనుక. పసుపుకుంకుమలు చూచి వచ్చు వ్యాధి కాదు గనుక భర్తలేని సోదరీమణులను సైతము పిలిచి ముందువరుసను కూర్చుండబెట్టితిమి. నెలసరి మొదలైన వారము పదిదినములకు, అది నిలిచినవారు నెలకొక నియమితదినమున, మూడువ్రేళ్ల మెత్తని భాగముతో చిన్నవలయములుగా నదుముచు రొమ్మంతయు, చంకవరకును చూచుకొను విధమును నర్సమ్మగారు తెలిపిరి. దీనితోనే తృప్తిపడక, ముప్పదియేండ్లు దాటినవారు ఆరోగ్యకేంద్రమున పరీక్ష చేయించుకొనవలెననియు జెప్పిరి.

మొదట అందరును తలలు వంచుకొనిరి. తాంబూలములైన పిమ్మట ఒక ముసలమ్మగారు వెనుక నిలిచి, “నాకును ఒకటి యున్నదమ్మా, రెండేండ్లాయె” ననిరి. మరునాడు ఆమె కోడలును మేమును వెంటబోయితిమి. పరీక్షలో నది క్యాన్సరు కాదని తేలినది. తిరిగివచ్చుచు బస్సులో ఆమె మాచేయి విడువలేదు.

సోదరీమణులారా! ఈ పత్రికను ముగించి ప్రక్కనబెట్టుటకు ముందు మీ యింటిలోని యొక స్త్రీని, అత్తగారినిగాని వదినగారినిగాని, చాటుగా పిలిచి యడుగుడు. “ఏమని చెప్పను?” అని యామె తడబడిన, మాట మీరే యందింపుడు.