తుంగకూ ఒక అదునుంది

కర్నూలు-కడప (కేసీ) కాలువ కింది ఊళ్లలో వ్యవసాయ అధికారిగా నా ఉద్యోగమంతా గడిచింది. నంద్యాల నల్లరేగడి మొదలు మైదుకూరు పసుపు తోటల దాకా ఏ ఊరికి పోయినా, పురుగుల మాటలూ తెగుళ్ల మాటలూ అయ్యాక రైతు చెప్పుకునే బాధ ఒకటుండేది. "ఎన్ని తూర్లు తీపిచ్చినా మళ్లా మొలుస్తాంది సారూ!" దేని గురించో అడగాల్సిన పనే లేదు. తుంగ.

చూడ్డానికి గడ్డిలాగే ఉంటుంది. పూత కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పితే తేడా తెలిసిపోతుంది. గడ్డి కాడకు కణుపులుంటాయి, వేళ్ల మధ్య నున్నగా తిరుగుతుంది. తుంగ కాడ మూడు పలకలు. అంచులు వేలికి తగులుతాయి, కణుపులుండవు, లోపల బోలు ఉండదు. రైతులతో మీటింగు పెడితే కరపత్రాలు పంచడానికి ముందు అందరిచేతా ఈ పని చేయించేవాణ్ణి. గడ్డి జాతి కలుపును చంపే మందులు చాలావరకు తుంగ మీద పని చేయవు. అది తెలియక, కొట్టిన మందే రెండోసారి కొట్టి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపించారు.

ఆ తర్వాత పార తెప్పించి ఒక మొక్క చుట్టూ జానెడు లోతు తవ్వించేవాణ్ణి. మట్టి మెల్లగా రాల్చి చూస్తే, నేలకు కాస్త దిగువన ఉబ్బిన మొదలు కనబడుతుంది. అందులోంచి సన్నటి వేరుకాడ ఒకటి పక్కకు పాకుతుంది. లేతప్పుడు తెల్లగా, ముదిరితే నల్లబడి తెంపడానికి రానంత గట్టిగా ఉంటుంది. దాని చివర శెనగ్గింజంత నల్లటి గడ్డ, ఆ గడ్డ నుంచి మరో వేరుకాడ, దానికి మరో గడ్డ, ఇట్లా దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి. గోటితో గిల్లితే లోపల తెల్లగా ఉండి, కర్పూరం కలిసిన ఘాటు వాసన కొడుతుంది. ఒకే మొక్కకు అన్ని గడ్డలు చూశాక రైతులు కాసేపు మాట్లాడేవాళ్లు కాదు. ఇన్నేళ్లూ కూలి డబ్బులు దేనికి పోశామో అప్పుడు కంటికి కనబడేది.

వరుసలో కొసనున్న గడ్డ మొలిస్తే, వెనకవాటిని అది అణచి ఉంచుతుంది. మధ్యలో వేరుకాడ తెగిందా, ఏ గడ్డకా గడ్డ లేస్తుంది. చేత్తో పెరికితే ఆకూ మొదలూ చేతికొస్తాయి, గడ్డలు నేలలోనే ఉండిపోతాయి. పదునుగా ఉన్న నేలలో రోటవేటరు తిప్పితే ఆ దండలు ముక్కలై చేనంతా పరుచుకుంటాయి, చక్రాలకంటిన మట్టితో పక్క చేనికీ పోతాయి. హోల్మ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1977లో ప్రపంచంలోని అతి చెడ్డ కలుపు మొక్కల మీద వేసిన పుస్తకంలో మొదటి స్థానం తుంగకే ఇచ్చారు. 90కి పైగా దేశాల్లో, 52 పంటల్లో ఇది ఉందని లెక్క తేల్చారు.

అయినా దీన్ని లొంగదీయవచ్చు. మొలక పైకి వచ్చాక కొత్త గడ్డ పడడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఈలోపల మొలకను కోసేస్తే పాత గడ్డ తన నిల్వ ఖర్చు పెట్టుకుని మళ్లీ మొలవాలి. మళ్లీ కోయాలి. అమెరికాలోని అలబామాలో 1930లలో స్మిత్, మేటన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో, మూడు వారాలు దాటకుండా దున్నుతూ పోతే రెండు సీజన్లలో నేల శుభ్రపడింది. మన గుంటకా దంతే చేసే పని అదే. ఈ మూడు వారాలే మొదటి అదును. నాలుగో వారానికి జరిగితే మాత్రం ఆ సేద్యం తుంగకు చేసినట్టే.

రెండో అదును ఎండాకాలం. మన రాయలసీమకు దేవుడు నీళ్లు తక్కువిచ్చినా ఎండ దండిగా ఇచ్చాడు, దాన్ని వాడుకోవాలంటాను. ఏప్రిల్, మే నెలల్లో పొడి నేలను లోతుగా దున్ని, గడ్డలు పైకి తేలేలా చేసి వదిలేస్తే రెండు వారాల ఎండకు చాలామటుకు చస్తాయి. లోపలి తేమ ఆరిపోతే గడ్డ ఇక మొలవదు. మధ్యలో ఒక వాన పడితే మళ్లీ దున్నాల్సిందే.

మూడోది నీడ. తుంగ నీడకు ఓర్చుకోలేదు. మైదుకూరు, టేకూరుపేట రకం పసుపు ఆకులు కమ్ముకునేదాకా కాపాడుకుంటే, తర్వాత అదే తుంగను అణుస్తుంది. కర్నూలు ఉల్లి రైతుకు ఆ అదృష్టం లేదు. ఉల్లి ఆకు నిలువుగా సన్నగా ఉండి నేల మీద నీడ పరచదు. అందుకే ఉల్లి వేసే చేనికి వేసవి దుక్కి తప్పదని పట్టుబట్టేవాణ్ణి. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ ఎకరాకు 36 గ్రాముల సిఫారసు చెరకు, మొక్కజొన్న వంటి పంటలకు. పక్కాయన కొట్టాడని ఉల్లిలో కొడితే పంటే పోతుంది.

ఇంత చెప్పినా తుంగ మీద నాకు ద్వేషం లేదు. ఎండబెట్టిన ఈ గడ్డలే మూలికల అంగళ్లలో తుంగముస్తలు. మన ఆడవాళ్లు సున్నిపిండిలో కలుపుతారు, వైద్యులు ముస్తకారిష్టం కాస్తారు, జ్వరానికిచ్చే షడంగ పానీయంలో వేస్తారు. సూడాన్‌లోని అల్ ఖిదాయ్‌లో దొరికిన పాతకాలపు మనుషుల పళ్ల గారను పరీక్షించి, వాళ్లు వేల ఏళ్ల కిందటే దీన్ని తినేవారని 2014లో పరిశోధకులు వెల్లడించారు. చాపలల్లే తుంగ ఇదే కుటుంబంలో వేరే జాతి; నీటి అంచున మనిషెత్తు దాకా ఎదుగుతుంది.

తుంగ జాతుల అసలు చోటు చెరువు. పోరుమామిళ్ల చెరువు 1369 నాటిది.  అట్లాంటి చెరువుల అంచున ఇవి వేళ్లతో మట్టిని పట్టి ఉంచుతాయి, నీటి పక్షులకు చాటునిస్తాయి. అక్కడ పెరికే పని ఎవరూ పెట్టుకోకూడదు. జాగ్రత్త పడాల్సింది పూడిక మట్టి తోలేటప్పుడు. మట్టి మంచి ఎరువే, కానీ దాంతో గడ్డలూ వస్తాయి. ఎండాకాలం మొదట్లోనే తోలించి, పలచగా పరిచి, రెండు మూడు సార్లు తిరగేసి ఎండనిచ్చి, ఆ తర్వాతే చేనిలో కలపమని ఇప్పటికీ అడిగినవాళ్లకు చెబుతుంటాను.