చేతికి తెలిసిన చోటు

దేవుడు మనిషికి అన్నీ ఇచ్చాడుగాని, జేబు మటుకు ఇవ్వడం మరిచిపోయాడు. ఎక్కడో ఆస్ట్రేలియాలో గెంతుకుంటూ తిరిగే కంగారూకి పొట్టమీద సంచీ కుట్టించి మరీ పంపినవాడు, తాళంచెవులూ కళ్ళజోడూ చిల్లర డబ్బులూ మోసుకు తిరగవలసిన మనిషిని వట్టి చేతులతో ఎందుకు పంపాడో నాకు ఈనాటికీ బోధపడలేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి మనవాళ్ళు పడిన అవస్థ ఇంతా అంతా కాదు. మగవాళ్ళు రొంటిని కనిపెట్టారు. ఆడవాళ్ళు కొంగు ముడిని కనిపెట్టారు. జంధ్యం ఉన్నవాళ్ళు దానికి తాళంచెవి కట్టుకున్నారు, లేనివాళ్ళు మొలతాడుకి కట్టుకున్నారు. సంతకు వెళ్ళే ఆసామి డబ్బుని జాలెలో పోసి నడుముకి బిగించుకున్నాడు. తాడిచెట్టెక్కే గీతగాడు కత్తుల తిత్తిని మొలకి కట్టుకున్నాడు. ఎంచేతనంటే చెట్టుమీద ఉన్నప్పుడు రెండు చేతులూ చెట్టుకే కావాలి కదా!

ఇది మన దేశపు గొడవ మాత్రమే కాదు. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో సుమారు 5,300 ఏళ్ళనాటి మనిషి శవం ఒకటి దొరికింది. ఆ మహానుభావుడి నడుముకి తోలు తిత్తి ఉంది. అందులో చెకుముకిరాతి పనిముట్లూ, ఎముకతో చేసిన దబ్బనమూ, నిప్పు రాజేసుకునేందుకు ఎండబెట్టిన పుట్టగొడుగు ముక్కా ఉన్నాయి. ఈ సంగతి చదివిననాడు నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. వెంటనే వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకు వినిపించాను.

"చూశావా! నేనొక్కణ్ణే కాదు. అయిదువేల ఏళ్ళకిందటే నావంటివాడున్నాడు" అన్నాను.

"పాపం, అన్నీ నడుముకి కట్టుకునే పోయాడన్నమాట" అంది ఆవిడ, పోపు గరిట తియ్యకుండానే.

ఆవిడ వెటకారానికి కారణం లేకపోలేదు. నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి, 2013లో రిటైరయినవాణ్ణి. ఉద్యోగం నన్ను వదిలిందిగాని, బెల్టు నన్ను వదలలేదు. కుడివైపు తోలు సంచీలో చిన్న ప్లయరూ, చాకూ, ఎడమవైపు టార్చిలైటు, దాని పక్కన ఫోను, వెనకవైపు కొక్కేనికి తాళాల గుత్తి, పంట్లాం కుడి జేబులో రుమాలూ, ఎడమ జేబులో కొలత టేపూ, నల్ల టేపు చుట్టా, వెనక జేబులో పర్సు, చొక్కా జేబులో టెస్టరూ, పెన్నూ, కళ్ళజోడూ. లెక్క పెట్టుకోండి, పన్నెండు శాల్తీలు. నేను నడుస్తూంటే వీధిలో సోడాబండి వస్తున్నట్టు చప్పుడయ్యేది. ఒకసారి మా పినతండ్రి మనవడి పెళ్ళికి వెళితే, ఆడపెళ్ళివారి పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏమయ్యా, మైకు ఇంకా పెట్టలేదేం?" అని గద్దించాడు. మా ఆవిడ ఆ రోజంతా నాకు నాలుగడుగుల దూరంలోనే నడిచింది.

అయితే ఈ జబ్బు నాకు స్వతహాగా వచ్చింది కాదు. వంశపారంపర్యం.

మా నాన్నగారు హార్బరులో టాలీ గుమాస్తా. 1933లో "జలదుర్గ" అనే ఓడ మొట్టమొదటిసారిగా లోపలికి వచ్చిన రేవు మనది. నా చిన్నతనంలో సరుకు చాలామటుకు గోనెసంచుల్లోనే ఎక్కేది, దిగేది. కలాసీలు ఇనప కొక్కెం తగిలించి బస్తా లాగితే, నాన్నగారు పక్కన నిలబడి లెక్క రాసేవారు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత. రాసేది పెన్సిలుతోనే. సిరా అయితే వాన చినుకు పడ్డా, చెమట కారినా అలుక్కుపోతుంది. పెన్సిలు గీత నీళ్ళకి చెదరదు.

ఆయన సామగ్రి బహు స్వల్పం. రొంటిలో పొడుం డబ్బీ, జంధ్యానికి ట్రంకుపెట్టె తాళంచెవి, లాల్చీ పై జేబులో చిన్న నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు ముక్క, పక్క జేబులో చిల్లర. అంతే. కాని, కరెంటు పోయిన రాత్రి గాఢాంధకారంలో కూడా ఆయన చెయ్యి దేనికోసమూ తడుముకోవడం నేనెరగను. "చేతికి కళ్ళు లేవురా అబ్బాయీ. అంచేత ప్రతి వస్తువుకీ ఒక ఇల్లుండాలి. రోజుకో ఇల్లు మార్చే వస్తువూ, అద్దె ఎగ్గొట్టేవాడూ ఒకటే. అవసరానికి దొరకరు" అనేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సెలవు రోజున ఆయనకు క్యారియరు పట్టుకువెళ్ళాను. ఆయన అన్నం తింటూంటే నేను ఊరుకోక నోటుపుస్తకం తీసి తిరగేశాను. మొదటి పేజీలో లెక్కలు లేవు. ఆయన పేరు, పాత పోస్టాఫీసు దగ్గర మా ఇంటి నంబరు, మా మేనమామగారి ఊరు, వారి చిరునామా గుండ్రటి అక్షరాలతో ఉన్నాయి.

"మన ఇల్లెక్కడో మీకు తెలీదా, నాన్నగారూ?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "అది నాకోసం కాదురా. ఇక్కడ పైన బస్తాలు వేళ్ళాడుతూంటాయి, కింద నీళ్ళున్నాయి. నాకేమన్నా అయితే, నన్ను చూసినవాళ్ళకోసం" అని, మజ్జిగ కలుపుకున్నారు.

ఆ మాట ఆ వయసులో నా చెవినపడిందిగాని మనసున పడలేదు.

తరవాత నేను చేరిన చోటు కూడా అటువంటిదే. మా కర్మాగారంలో బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. పేర్లు వింటే దాహం తీరుతుందిగాని, లోపల 1,400 డిగ్రీలు దాటిన వేడిలో ఇనుము కరిగి పారుతూంటుంది. అక్కడ ఏ వస్తువు ఎక్కడ పెట్టుకున్నామన్నది సరదా కాదు. వంగి పనిచేసేవాడి పై జేబులో ఏదీ ఉండకూడదు. జారి యంత్రంలో పడిందంటే పెన్ను పోయిందని కాదు, యంత్రం పోయిందని ఏడవాలి. ఎత్తున పనిచేసేవాడు పనిముట్టుని తాడుతో కట్టుకోవాలి. లేకపోతే కిందివాడి నెత్తి పగులుతుంది. కరెంటు పనికి వెళ్ళేటప్పుడు ఉంగరమూ, లోహపు గొలుసు వాచీ తీసి పెట్టాలి. ఇక కార్బన్ మోనాక్సైడు అని ఒక విషవాయువుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. దాన్ని పసిగట్టి కీచుమని అరిచే చిన్న యంత్రాన్ని చొక్కాకి, ముక్కుకి దగ్గరగా, బయటికి తగిలించుకోవాలి. పోతుందేమోనని జేబులో భద్రంగా దాచుకున్నవాడికి యంత్రం మిగులుతుంది, అతను మిగలడు.

నాన్నగారు చెప్పిందీ, కర్మాగారం నేర్పిందీ కలిపి నేను కొన్ని సూత్రాలు ఏర్పరచుకున్నాను. తరచు కావలసింది కుడిచేతికి అందాలి. చీకట్లో కావలసింది ఎడమచేతికి అందాలి. ఎంచేతనంటే కుడిచెయ్యి అప్పుడు గోడ పట్టుకుని ఉంటుంది. తాళాలూ ఫోనూ ఒకే జేబులో కాపురం చెయ్యకూడదు. లావుపాటి పర్సు వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటే నడుము ఒకవైపుకి ఒరిగి నొప్పి పట్టుకుంటుంది. ఇవన్నీ నేను ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీతోపాటు వడ్డించేవాణ్ణి. మా ఆవిడ మాత్రం ఏ సూత్రాలూ లేకుండా, గాజులకి నాలుగు పిన్నీసులు, కొంగున ఒక ముడి, రవికలో దోపుకునే చిన్న పర్సు, వీటితో సంసారం లాక్కొచ్చింది. ఆ పర్సులో ఏముందని నేను ఏనాడూ అడగలేదు. పది రూపాయల నోట్లు తప్ప ఏముంటాయిలే అనుకునేవాణ్ణి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడింది. ఆ రోజు చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పలేను. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. మర్రిపాలెంలో మేమున్న మేడమీది కిటికీలు ఒకదాని తరవాత ఒకటి పేలిపోయాయి. మధ్యాహ్నం కాసేపు గాలి నిలిచిపోతే, బతికాంరా దేవుడా అనుకున్నాం. అది తుపాను కన్ను అని తెలిసేలోగా గాలి రెండోవైపు నుంచి మొదలెట్టింది.

సాయంకాలానికి మెట్లన్నీ గాజుపెంకులు. కరెంటు లేదు. కిందివాటా కుర్రవాడు చీకట్లో మెట్లెక్కబోయి కాలు కోసుకుని కేకపెట్టాడు. నా ఎడమచెయ్యి దానంతటదే టార్చి తీసింది. రుమాలుతో కట్టు కట్టి, పైన నల్లటేపు చుట్టాను. ఊగుతున్న కిటికీ రెక్కని ప్లయరుతో తీగ మెలిపెట్టి బిగించాను. ఆ కుర్రవాడి తల్లి, "బాబాయిగారూ, మీరు లేకపోతే ఏమయ్యేవాళ్ళం!" అంది. నేను మా ఆవిడవైపు చూశాను. ఆవిడ తల తిప్పుకుంది. ఆ రాత్రి, ఇల్లంతా నీళ్ళయినా సరే, నేను విజయగర్వంతో పడుకున్నానని ఒప్పుకోవాలి.

ఆ గర్వం రెండు రోజులు కూడా నిలవలేదు.

మా అమ్మాయి హైదరాబాదులో ఉంది. అప్పుడు తొమ్మిదో నెల. ఆదివారం నుంచి ఫోన్లు పలకడం లేదు. సోమవారం సాయంత్రానికి నా ఫోను చార్జింగు అయిపోయి కన్ను మూసింది. బయట రోడ్డంతా పడిపోయిన చెట్లు. పాలకి క్యూ, పెట్రోలుకి క్యూ. ఏటీఎం కార్డు జేబులో ఉందిగాని, కరెంటు లేనిదే అది అట్టముక్క. ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాం. టీవీలో విశాఖపట్నం చూసి అమ్మాయి ఏమైపోతోందో అన్న బెంగ మాత్రం ఓర్చుకోలేకపోయాం. మా ఆవిడ పైకి ఏమీ అనలేదు. రెండు పూటలు అన్నం కలిపి, వదిలేసి లేచింది.

మంగళవారం పొద్దున్న వీధి చివర ఎవరి ఫోనో పలుకుతోందని తెలిసి ఇద్దరం పరుగెత్తాం. అప్పటికే పాతికమంది మూగి ఉన్నారు. ఆ ఫోను కుర్రవాడు ఎవరో గాని, పుణ్యాత్ముడు. మనిషికొక నిమిషం చొప్పున ఇస్తున్నాడు. మా వంతు వచ్చింది.

"నంబరు చెప్పండి మాస్టారూ" అన్నాడు.

నేను నోరు తెరిచాను. తొంభైఎనిమిది... ఆ తరవాత? రోజుకి రెండుసార్లు మాట్లాడే కన్నకూతురి నంబరు. పేరు నొక్కడమే తప్ప అంకెలు ఏనాడూ చూడలేదు. చెయ్యి దానంతటదే అన్ని జేబులూ తడిమింది. ప్లయరు ఉంది. చాకు ఉంది. కొలత టేపు ఉంది. పన్నెండు శాల్తీలూ వాటి వాటి ఇళ్ళలో బుద్ధిగా ఉన్నాయి. పది అంకెలు మటుకు లేవు. వెనకవాళ్ళు తొందరపెడుతున్నారు. నాకు చెమటలు పట్టాయి.

అప్పుడు మా ఆవిడ నన్ను పక్కకి జరిపి, రవికలోంచి పర్సు తీసి, నాలుగు మడతల కాయితం విప్పింది. మూడు రోజులు తడుస్తూ ఆరుతూ ఉన్న కాయితం, మడతల దగ్గర బట్టలా మెత్తబడిపోయింది. పెన్సిలు అక్షరాలు మాత్రం చెక్కు చెదరలేదు. పైన నా పేరు, మా ఇంటి చిరునామా. కింద అమ్మాయి నంబరు, అల్లుడి నంబరు, మా బావమరిది నంబరు.

"అమ్మా!" అని అటునుంచి వినబడింది. ఆ తరవాత ఏడుపే. మాకిచ్చిన నిమిషం దానికే సరిపోయింది. కాని, అంతకన్న మాట్లాడవలసింది కూడా ఏమీ లేదు. పదిరోజుల తరవాత మనవరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

తిరిగి వస్తూ, "ఎప్పుడు రాశావది?" అని అడిగాను.

"ఇది నాలుగోది. నంబర్లు మారినప్పుడల్లా మారుస్తూ వచ్చాను. మొదటిది నేను కాపరానికొచ్చిన నెలలో మామయ్యగారు రాయించారు. బయటికి వెళ్ళేటప్పుడు డబ్బు మరిచిపోయినా ఫరవాలేదుగాని, ఇది మరిచిపోకమ్మా అన్నారు" అంది. కాసేపాగి, "మీతో కూడా చెప్పారటగా?" అంది.

చెప్పారు. మజ్జిగ కలుపుకుంటూ చెప్పారు. నేను ఆయన దగ్గర వస్తువులకి ఇళ్ళు కట్టడం నేర్చుకున్నానుగాని, మా ఇంటినే జేబులో పెట్టుకోవడం నేర్చుకోలేదు.

ఇప్పుడు నా శాల్తీలు ఏడుకి తగ్గాయి. టార్చి ఉంది, తాళాలున్నాయి, ఫోనుంది, కళ్ళజోడూ రుమాలూ ఉన్నాయి, పర్సు ముందు జేబులోకి మారింది. ఏడోది కాయితం. దాన్ని గుండెకి దగ్గరగా పెట్టుకున్నానని రాస్తే బాగుండేదిగాని, అక్కడ చెమట పడుతుంది. అంచేత పర్సులో, కాస్త చిల్లర నోట్లతోపాటు పెట్టాను. ప్లయరూ చాకూ బీరువా సొరుగులో విశ్రాంతి తీసుకుంటున్నాయి. పెళ్ళిళ్ళలో నన్నెవరూ మైకు గురించి అడగడం లేదు.

మీరు కూడా ఒక్క పని చెయ్యండి. ఈ పేజీ తిప్పేముందు, ఫోను చూడకుండా మీ పిల్లల నంబరు పైకి చెప్పండి. చెప్పగలిగితే సంతోషం. లేకపోతే ఒక కాయితం ముక్క తీసుకోండి.

ఇంతవరకు రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని, "బాగానే ఉందిగాని, పెన్సిలుతో రాయమని చెప్పారా?" అంది.

చెప్పాను.