పోడు కాపలాకు కుక్కపిల్ల

మా తూర్పు కనుమల గూడేల్లో కుక్కను కొనే అలవాటు లేదు. ఎవరింట్లో పిల్లల్ని పెట్టిందో విని, వెళ్లి అడిగి తెచ్చుకుంటాం. ఇప్పుడు పట్నంలో చదివే మా పిల్లలు ఫోన్‌లో లాబ్రడార్ బొమ్మ చూపించి, ఇదే కావాలంటున్నారు. చలిదేశంలో పుట్టిన ఆ జాతికి రెండు పొరల బొచ్చు. మన ఎండకు రొప్పుతుంది, తిండీ ఎక్కువే. చోడి అంబలితో గడిచే ఇంటికి అది బరువు.

మేం పిల్లకంటే ముందు తల్లిని చూస్తాం. కొత్తవాళ్లను చూసి మొరిగి ఊరుకుంటుందా, మీద పడుతుందా? మేకల మధ్య పడుకుంటుందా, కోళ్లను తరుముతుందా? చప్పట్లు కొడితే ఉలిక్కిపడి, మళ్లీ దగ్గరికొచ్చే పిల్ల మంచిది. మూల నక్కి బయటికి రానిది వద్దు. కళ్లు తెరిచిందని తెచ్చేయకూడదు, ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి.

పెద్దలు వేటకుక్కనే మెచ్చుకునేవారు. 1972 చట్టం వచ్చాక అనుమతి లేకుండా అడవిపందిని వేటాడితే కేసు. ఇప్పుడు కావలసింది మంచె కింద ఉండి, పంది వచ్చిందని అరిచి చెప్పే కుక్క.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి, తర్వాత ఏటా. సంతకు వెళ్లే రోజు బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే సరి. ఏ కుక్క కరిచినా పసరు కట్టి కూర్చోకుండా, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవాలి. తాతల మందు మీద మాకు గౌరవమే గానీ, ఈ ఒక్కదానికి కాదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌ను తగ్గించే మందు డాక్టర్ల దగ్గరా లేదు.

పేరు సంగతి పిల్లలకే వదిలేశాం. ఏదో సినిమా హీరో పేరే పెడతారు.