పులుసుకి ముప్పై వేల గిన్నె

ఒక్క గిన్నె, దాని మూత. ఖరీదు అమెరికాలో నాలుగు వందల డాలర్ల చుట్టుపక్కల. మన రూపాయల్లో చెప్పుకుంటే ముప్పై వేలు దాటుతుంది. "గిన్నెకి అంత పెడతారా ఎవరైనా?" అని ముక్కున వేలేసుకునేవాళ్లు కొందరు. "ఒకసారి కొంటే మనవల దాకా వస్తుంది, ఇంకేం ఆలోచించకు" అని పోరేవాళ్లు కొందరు. పోత ఇనుముతో చేసి పైన ఎనామిల్ పూత వేసిన బరువైన గిన్నెల సంగతే నేను చెబుతున్నది. నారింజ రంగువీ నీలం రంగువీ వంటల వీడియోల్లో మీరూ చూసే ఉంటారు. నాకు ఆ గిన్నెలంటే చాలా ఇష్టం. అయినా కనబడిన ప్రతివారినీ కొనమని చెప్పను. ఎందుకో తీరిగ్గా మాట్లాడుకుందాం, కూర్చోండి.

ముందు మన పులుసుల సంగతి చూద్దాం. చేపల పులుసు, గుత్తొంకాయ, బెండకాయ పులుసు, గోంగూర మాంసం, ఏది తీసుకున్నా అందులో పులుపుండాలి, సన్న సెగ మీద చాలాసేపు మగ్గాలి. ఈ రెంటినీ ఓర్చుకునే గిన్నె దొరకడమే కష్టం. ఇనప మూకుడు మందంగా ఉంటుంది, వేడి నిలుపుతుంది. కానీ అందులో చింతపండు పులుసు మరిగిస్తే, ఏళ్ల తరబడి నూనె పట్టి నున్నగా తయారైన నలుపు కాస్తా వదిలిపోతుంది. పులుసు నల్లబడుతుంది, నోటికి ఇనప రుచి తగులుతుంది. సత్తు గిన్నెలో వేడి చకచకా పాకుతుంది గానీ పులుపు దానికీ పడదు. ఇత్తడికైతే లోపల కళాయి ఉండి తీరాలి, ఆ కళాయి వేసేవాళ్లు మన వీధుల్లోకి రావడం ఎప్పుడో తగ్గిపోయింది. స్టీలుకి పులుపుతో పేచీ లేదు. కానీ పల్చటి స్టీలు గిన్నెలో చిక్కటి పులుసు పెట్టి ఫోనొచ్చిందని పక్కగదిలోకి వెళ్లారా, అడుగంటిన వాసన అక్కడికే వస్తుంది.

ఈ చిక్కుకి మన పెద్దవాళ్లు కనిపెట్టుకున్న ఉపాయం రాచ్చిప్ప. మెత్తటి రాయిని తొలిచి చేసిన గిన్నె. పులుపు దాన్ని ఏమీ చెయ్యలేదు, పొయ్యి మీంచి దించాక కూడా చారు చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. అయితే కొత్తదాన్ని నూనె రాసి, గంజి పోసి, మెల్లమెల్లగా మంటకి అలవాటు చెయ్యాలి. వేడి మీద ఉండగా చన్నీళ్లు పోస్తే పగుళ్లిస్తుంది. ఈ ఎనామిల్ గిన్నె మన వంటింట్లోకొచ్చి చేసే పని అచ్చంగా అదే. గుణాలూ అవే, గారాలూ అవే.

ఎనామిల్‌ని చాలామంది రంగనుకుంటారు. అది గాజు. గాజుపొడిని ఇనుము మీద పూసి ఎనిమిది వందల డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే, కరిగి ఇనుముని కరుచుకుంటుంది. వెనకటి ఇళ్లలో తెల్లటి ఎనామిల్ పళ్లేలు, ఆసుపత్రుల్లో నీలం అంచు బేసిన్లు ఉండేవి, గుర్తున్నాయా? అదే విద్య. కాకపోతే వాటిలో లోపల పల్చటి ఉక్కు రేకు, ఇక్కడ మందపాటి పోత ఇనుము. 1925లో ఉత్తర ఫ్రాన్సులోని ఫ్రెనువా-ల-గ్రాన్ అనే ఊళ్లో ఇద్దరు బెల్జియం వాళ్లు కలిసి లె క్రూజే కంపెనీ పెట్టారు. అర్మాన్ దెసాగెర్‌ది ఇనుము పోతపోసే పని, ఒక్తావ్ ఒబెక్‌ది ఎనామిల్ పని. ఇద్దరి చేతి నేర్పూ ఒకే గిన్నెలో కలిసింది. మూసలో కరిగిన ఇనుము ఏ రంగులో వెలుగుతుందో, వాళ్ల మొదటి గిన్నెలకి ఆ నారింజ రంగే వేశారు. నేటికీ పోత ఆ ఊళ్లోనే పోస్తారు. ప్రతి గిన్నెకీ ఒక ఇసుక అచ్చు, గిన్నె బయటికి తియ్యాలంటే ఆ అచ్చుని పగలగొట్టాల్సిందే. ఖరీదులో కొంత అక్కడే ఉంది.

సరే, ఇప్పుడు అందులో చేపల పులుసు పెడదాం. మధ్యస్థంగా మంట పెట్టి, నూనె పోసి, ఆ తర్వాతే గిన్నెని వేడెక్కనివ్వాలి. ఖాళీ గిన్నెని పెద్ద మంట మీద పెట్టకూడదు, లోపలి గాజు దెబ్బతింటుంది. మామూలు గిన్నె కన్నా రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది, తొందరపడకండి. మెంతులు, ఆవాలు చిటపటలాడాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, కారం, తర్వాత చింతపండు పులుసు. ఒకసారి తెర్లడం మొదలయ్యాక మంట బాగా తగ్గించెయ్యండి. ఈ గిన్నె ఒకసారి పట్టిన వేడిని వదలదు కాబట్టి సన్న సెగ మీద కూడా ఒకే తీరున ఉడుకుతుంది, అంత తేలిగ్గా అడుగంటదు. పులుసు చిక్కబడి పైకి నూనె తేలాక చేప ముక్కలు జారవిడవాలి. ముక్క విరక్కుండా గరిటె పెట్టం కదా, గిన్నెని రెండు చేతులా పట్టుకుని తిప్పుతాం. ఇదిగో, ఇక్కడే ఈ గిన్నె మొరాయిస్తుంది. అంత బరువుని పొయ్యి మీద గిరగిరా తిప్పడం ఎవరి తరమూ కాదు. అందుకని ముక్కలు ఒకే వరసలో పట్టేంత వెడల్పు గిన్నె ఎంచుకుని, పులుసునే గరిటెతో తీసి ముక్కల మీద పోస్తూ ఉండాలి. ముక్క పూర్తిగా ఉడక్కముందే పొయ్యి ఆపెయ్యండి. మిగతాది గిన్నెలోని వేడే చూసుకుంటుంది. తర్వాత పులుసు వేరే గిన్నెలోకి తియ్యనక్కర్లేదు. చల్లారాక గిన్నె పళాన ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దున చూడండి, ముక్కకి పులుపూ కారమూ పట్టి ఎంత బాగుంటుందో! ఈ పని మీ ఇనప మూకుడిలో చెయ్యలేరు.

మూత బరువు కూడా మనకి కలిసొస్తుంది. దమ్ బిర్యానీకి అంచు చుట్టూ పిండి అతికించేది ఆవిరి పోకుండానే కదా. ఈ మూతని ఊరికే పెట్టినా చాలావరకు ఆవిరి లోపలే నిలుస్తుంది. 1974లో ఫ్రాన్సులోనే, ఆల్సాస్ ప్రాంతంలో మొదలైన స్టౌబ్ కంపెనీ వాళ్లయితే మూత లోపలివైపు చిన్న చిన్న బొడిపెలు పెట్టారు. ఆవిరి బొట్లుబొట్లుగా మళ్లీ కూర మీదికే రాలుతుంది. చలిదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఇంకో ఉపయోగం. ముందుగా వేడినీళ్లతో గిన్నెని వెచ్చబరిచి, గోరువెచ్చని పాలు పోసి తోడేసి, మూత పెట్టి తువ్వాలు చుడితే పెరుగు చక్కగా తోడుకుంటుంది.

ఒక మాట మాత్రం అమ్మేవాళ్లు చెప్పినా నమ్మకండి. పోత ఇనుము వేడిని అన్ని వైపులకీ సమంగా పంచుతుందంటారు. పంచదు. అల్యూమినియంతో పోలిస్తే దీనిలో వేడి పాకేది నాలుగో వంతో ఐదో వంతో. చిన్న బర్నరు మీద పెద్ద గిన్నె పెడితే నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. ఇనుము ఒంటికి మంచిదని ఇది కొనేవాళ్లూ ఉన్నారు. గాజు పొర అడ్డంగా ఉంటే తిండిలోకి ఇనుము ఎలా దిగుతుంది? రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెబితే మందులు వాడుతూ, ఆకుకూరలు మామూలు ఇనప మూకుడిలో వండుకోండి. దోసెలకీ వేపుళ్లకీ కూడా ఇనప పెనమూ ఆ మూకుడే కావాలి. పప్పుకి కుక్కరుని మించింది లేదు. అంటే రోజువారీ వంటలో ముప్పాతిక వంతుకి ఈ గిన్నెతో పనే లేదన్నమాట.

మరి "మనవల దాకా" సంగతి? వస్తుంది, మన వంటింటి అలవాట్లు కొన్ని మార్చుకుంటే. పట్టకారుతో అంచు పట్టుకుని ఎత్తితే ఆ అంచునే గాజు పెచ్చు లేస్తుంది. చెవులు రెండూ కాలిపోతుంటాయి కాబట్టి మందపాటి మసిగుడ్డలు రెండు ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. ఇనప అట్లకాడ వద్దు, చెక్క గరిటె కావాలి. స్టీలు పీచుతో తోమకూడదు. పొయ్యి మీంచి దించి నేరుగా కుళాయి కింద పెట్టకూడదు. అడుగంటితే నీళ్లు పోసి, కాస్త వంటసోడా వేసి సన్నగా కాచి నాననిస్తే వదిలిపోతుంది. గిన్నె మూతని తాకే అంచున పూత పల్చగా ఉంటుంది, అక్కడ తడి నిలిస్తే తుప్పు పడుతుంది, తుడిచి పెట్టాలి. పని మనిషి ఉన్న ఇల్లయితే ఆమెకి ఇవన్నీ చెప్పాలి. రోజుకి ఐదారిళ్ల అంట్లు తోమే మనిషి చేతిలో ఇంత బరువూ ఇంత భయమూ పెట్టడం న్యాయం కాదు, దీన్ని మనమే కడుక్కోవాలి. కంపెనీ వాళ్లు జీవితకాలం హామీ అంటారు గానీ అది తయారీలో లోపాలకి. చెయ్యి జారి పడేస్తే, మంట మీద మరిచిపోతే, ఆ హామీ పనికిరాదు. లోపలివైపు గాజు పెచ్చులూడిన గిన్నెలో ఇక వండకూడదు, ఎంత పెట్టి కొన్నదైనా సరే.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది బరువు. ఐదు లీటర్ల పైచిలుకు పట్టే గిన్నె ఖాళీగానే ఐదు కిలోలు దాటుతుంది. నిండా పులుసుంటే పది కిలోల పైమాటే. అమెరికా నుంచి వచ్చే కొడుకో కూతురో ఇరవై మూడు కిలోల పెట్టెలో ఐదు కిలోలు దీనికే కేటాయించి అమ్మకి ప్రేమగా తెస్తారు. అరవై దాటి, మణికట్లు నొప్పులు పెడుతున్న ఆ తల్లి దాన్ని ఎలా దించుతుంది? నాలుగు రోజులు చూసి, ఎవరితోనో అటకెక్కిస్తుంది. పిల్లలు అడిగితే వాడుతున్నానంటుంది. దయచేసి కొనేముందు ఆవిడ చేత ఒకసారి ఎత్తించి చూడండి.

డబ్బు లెక్కకి వద్దాం. అమెరికాలోని టెనెసీలో 1896 నుంచి పోత ఇనుప సామాను చేస్తున్న లాడ్జ్ కంపెనీ చైనాలో చేయించి అమ్మే ఎనామిల్ గిన్నె ఫ్రెంచి దాని ధరలో నాలుగో వంతుకో ఐదో వంతుకో వస్తుంది. పులుసు రుచిలో తేడా ఏమీ తెలియదు. ఎక్కువ డబ్బుకి ఏమొస్తుందంటే, పోత కాస్త పల్చగా ఉండి అదే కొలత గిన్నె తేలికగా ఉంటుంది, పూత పెచ్చులూడకుండా ఎక్కువకాలం నిలుస్తుంది. చేతుల నొప్పులున్నవాళ్లకి ఆ తేలిక చాలా విలువైంది. "ముప్పై ఏళ్లు వస్తుంది, ఏడాదికి వెయ్యే కదా" అనే లెక్క మాత్రం వారం వారం పొయ్యెక్కే గిన్నెకే చెల్లుతుంది. మీ ఇంట్లో పులుసులూ మాంసం కూరలూ తరచుగా చేస్తుంటే, మీరు ఎత్తగలిగితే, ముందు చవకది ఒకటి కొనండి. అది రోజూ చేతికొస్తోందంటే అప్పుడు ఖరీదైనదాని గురించి ఆలోచించవచ్చు. నాలుగైదు గిన్నెల సెట్టు జోలికి అసలు పోకండి, అందులో ఒక్కటే పొయ్యెక్కుతుంది.

కొట్లో చూసేటప్పుడు మూత తిరగేసి అంచంతా వేలితో తడమండి, సూదిబెజ్జాల్లాంటివి తగలకూడదు. మూత పెట్టి కదిపితే ఊగకూడదు. చెవుల్లో మసిగుడ్డ పట్టుకున్న వేళ్లు దూరాలి. నలుగురున్న ఇంటికి నాలుగు, ఐదు లీటర్లది చాలు, మన బర్నర్లకి గుండ్రటిదే మేలు. బయటి రంగు మీ ఇష్టం. లోపల మాత్రం లేత రంగుది తీసుకోండి. పసుపు మరక కొంత పడుతుంది, పడనివ్వండి. నల్లటి అడుగులో ఉల్లిపాయ దోరగా వేగిందో మాడడం మొదలైందో కంటికి ఆనదు, పులుసంతా ఆ ఉల్లిపాయ మీదే కదా ఆధారపడేది.