గట్టు మీద ఆట

మొన్నటి సంక్రాంతికి ముందు డిస్క్ గోల్ఫ్ అనే పేరు మా ఇంట్లో ఎవరూ విన్నది లేదు. మా ఆడపడుచు కొడుకు డాలస్ నుంచి సెలవులకొస్తూ పెట్టెలో పది ప్లాస్టిక్ పళ్ళాలు తెచ్చాడు. "ఇవి తినడానికా, విసరడానికా?" అన్నారు మామగారు.

విసరడానికే. గోల్ఫ్‌లో బంతిని గుంటలో వేసినట్టు, ఇందులో పళ్ళాన్ని గొలుసులు వేలాడే బుట్టలో వెయ్యాలి. అది ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచే మళ్ళీ విసరాలి. తక్కువ విసుర్లలో ముగించినవాళ్ళు గెలిచినట్టు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేశాడు. అప్పట్లో గురికి ఉత్త స్తంభాలే. తగిలిందా లేదా అని వాదులాటలు వస్తున్నాయని గొలుసుల బుట్ట కనిపెట్టి, 1977లో పేటెంటు పొందాడు. పళ్ళెం వేగాన్ని గొలుసులు ఆపేస్తాయి, అది కింద బుట్టలో పడుతుంది. ఇక వాదనే ఉండదు.

మా అత్తగారి ఊరు ఉయ్యూరు దగ్గర. కృష్ణా డెల్టాలో ఖాళీ నేల దొరకడం కష్టమని మీకు తెలిసిందే. వరి కోతకి రెండు మూడు రోజుల ముందే చేలో మినుములు చల్లేస్తారు. పండక్కి పిల్లలొచ్చేసరికి చేలన్నీ మళ్ళీ పచ్చగా ఉంటాయి. ఇక మిగిలింది ఇంటి వెనక తోట. కొబ్బరి, మామిడి, సపోటా చెట్లు. అందులో మా వాటా 60 సెంట్లు. గట్టవతల అంతే తోట చిన్నమామగారిది.

ఆ గట్టు దగ్గరే కొలతల్లో రెండడుగుల తేడా వచ్చి అన్నదమ్ములకి మాటల్లేవు. ఎనిమిదేళ్ళయింది. పెళ్ళిళ్ళలో ఒకే వరసలో కూర్చుంటారు, ఒకరి విస్తరి వంక ఒకరు చూసుకోరు.

పిల్లలు కాగితం మీద కోర్సు గీశారు. పెద్దవాళ్ళు ఆడే చోట ఒక్కో గురి 200 అడుగుల పైనే ఉంటుందట. మా వాటాలో కుదించి కుదించి వేసినా నాలుగే పట్టాయి. తొమ్మిది కావాలంటే గట్టు దాటాల్సిందే.

ఇంట్లో ఎవరం నోరెత్తలేదు. మా అమ్మాయే మేనబావని వెంటేసుకుని వెళ్ళి అడిగింది. చిన్నమామగారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అరటాకులు చిరిగితే ఊరుకోను" అన్నారట. అంతే. మర్నాడు పొద్దున చూస్తే ఆయన వైపు రాలిన కొబ్బరి మట్టలన్నీ ఏరి ఓ పక్కన పేర్చి ఉన్నాయి.

ఇక బుట్టలు. గేదెల్ని అమ్మేశాక పాకలో గొలుసులు ఊరికే వేలాడుతున్నాయి. పాత సైకిలు రిమ్ముకి వాటిని కట్టి, కింద వెదురు గంప బిగించి, సర్వి బాదుకి తగిలించారు. అలాంటివి మూడయ్యాయి. మిగతా ఆరూ చెట్లే, మొదలుకి సున్నం పట్టీ వేసి.

ఏది ఎక్కడ ఉండాలన్న దానిలో నా మాట కూడా చెల్లింది. విసిరే చోటు కొబ్బరి గెలల కింద వద్దన్నాను. కూలీలు చేలోకి వెళ్ళే దారికి అడ్డంగా విసరొద్దన్నాను. కుడిచేత్తో మామూలుగా విసిరిన పళ్ళెం నెమ్మదించేకొద్దీ ఎడమకి ఒరుగుతుంది. మా అమ్మాయిది ఎడమచెయ్యి, తన పళ్ళెం కుడికి పోతుంది. అందుకని కొన్ని గురులు ఆ వంపుకి, కొన్ని ఈ వంపుకి కుదిరేలా పెట్టారు. మామగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆయన విసిరే చోటు సగం దూరంలోనే.

చివరికి హద్దుల సంగతి వచ్చింది. పళ్ళెం హద్దు దాటితే ఒక విసురు జరిమానా. మినుము చేను హద్దు, పంటకాలవ హద్దు. "మరి గట్టో?" అన్నాడు మావాడు. మామగారు పడక్కుర్చీలోంచి వింటున్నారు. "గట్టు హద్దయితే అయిదోది ఆడలేం" అంది మా అమ్మాయి. ఎవరూ ఏమీ అనలేదు. గట్టుని హద్దుల్లో రాయలేదు.

నాలుగు రోజులు ఆడారు. మామగారు పాత ధాన్యం లెక్కల పుస్తకంలో విసుర్లు రాశారు. కనుమనాడు చిన్నమామగారు తన వైపు నిలబడి, పిల్లలు బతిమాలితే ఒకటి విసిరారు. అది మామిడికొమ్మకి తగిలి గట్టుకి ఇవతల మామగారి కుర్చీ దగ్గర పడింది. మామగారు వంగి తీశారు. మా అమ్మాయి చేతికిచ్చి, "ఇక్కణ్ణుంచే విసరాలని చెప్పమ్మా" అన్నారు.

చిన్నమామగారు గట్టు దాటి వచ్చి, అన్నగారి కుర్చీ పక్కన నిలబడి రెండో విసురు విసిరారు. గురి తప్పింది. పుస్తకంలో ఆయన పేరు రాసి రెండు గీతలు పెట్టారు మామగారు. మాటలు మాత్రం లేవు.

పండగైపోయి మేం విజయవాడ వచ్చేశాం. పిల్లవాడు డాలస్ వెళ్ళిపోయాడు. కొలతల తగాదా ఎక్కడున్నది అక్కడే ఉంది, దాన్ని తేల్చడానికి సర్వేయరు రావాలి. కానీ మొన్న ఆదివారం మావారికి చిన్నమామగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత. "మంచుకి గొలుసులు తుప్పు పడుతున్నాయిరా. నా వైపువాటికి నూనె రాశాను. మీ నాన్న వైపుది కూడా రాయమంటావా?"

"రాయి బాబాయ్" అన్నారు మావారు.